రాళ్ళు లేని ఊళ్ళో పిడుగు రాయి

మా కోనసీమలో ఎక్కడ తవ్వినా మట్టే. ఇంకాస్త తవ్వితే ఇసక, ఆ తర్వాత నీళ్ళు. నుయ్యి తవ్వేటప్పుడు ఎప్పుడైనా గవ్వలో, కుళ్ళి నల్లబడ్డ మాను ముక్కో బయటపడేవి గానీ, రాయి తగిలిందని ఎవరూ చెప్పగా వినలేదు. మా ప్రాంతం గురించి రాసేవాళ్ళంతా కొబ్బరి, అరటి, వరిచేలు, కాలవలు అంటూ ఉన్నవే రాస్తారు. లేనిదాని గురించి ఎవరూ రాయరు. మాకు రాయి లేదు.

ఈ మాట బయటి ఊళ్ళవాళ్ళతో అంటే నవ్వుతారు. చెట్టు నిండా కాయలుండి, కొట్టడానికి చేతికి ఒక్క రాయి దొరకని పిల్లల బాధ వాళ్ళకేం తెలుసు? మేం మట్టిబెడ్డలు విసిరేవాళ్ళం. అవి కొమ్మకి తగిలి పొడి పొడిగా మా కళ్ళల్లోనే రాలేవి. కొబ్బరి పిందెలు కాస్త నయం. ఊరికి రోడ్డు వేసే ఏడు మాత్రం మాకు పండగే. పంగిడి వైపు నుంచి లారీల్లో నల్లకంకర తెచ్చి రోడ్డు వారన కుప్పలు పోసేవాళ్ళు. జేబుల నిండా నింపుకుంటే ఆ బరువుకి నిక్కర్లు జారిపోయేవి. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని ఇంకో చేత్తో గురి చూసి కొట్టడం కూడా ఒక విద్యే.

అందుకే ఇంట్లో ఉన్న ప్రతి రాయికీ ఒక కథ ఉండేది. రోలు, రుబ్బురోలు, తిరగలి, దొడ్లో బట్టలుతికే బండ, అన్నీ ఎగువ నుంచి పడవ మీద కాలవ వెంట వచ్చినవే. సన్నికల్లు మా మామ్మ అత్తగారు కాపరానికి వస్తూ తెచ్చుకున్నదట. పొలం పంపకాల దగ్గర పల్లెత్తు మాట అనుకోని మా తాతా, ఆయన తమ్ముడూ రుబ్బురోలు ఎవరికన్న దగ్గర మాత్రం ఏడాదిపాటు మాట్లాడుకోలేదని చెప్పేవారు. ధవళేశ్వరంలో 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్టకి కూడా రాయి పక్కనున్న కొండలోంచే తీశారు. ఆ కొండ దాటి దిగువకి వచ్చాక సముద్రం దాకా మళ్ళీ కొండన్నది లేదు.

రాయంటే నాకు మొదట గౌరవం కలిగించింది ఏ మ్యూజియమూ కాదు, ఏడాదికోసారి మా ఊరొచ్చే కక్కు కొట్టే ఆయన. "రోళ్ళకీ, సన్నికళ్ళకీ, తిరగళ్ళకీ కక్కు కొడతామమ్మా" అని వీధి చివర్నుంచే కేక వినపడేది. వాడగా వాడగా సన్నికల్లు నున్నగా అయిపోతుంది, పచ్చడి నలగదు, జారిపోతుంది. దాన్ని మళ్ళీ గరుకు చెయ్యాలి. ఆయన అరుగు పక్కన గొంతుక్కూచుని, రాయి మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, ముందు సుత్తితో మెల్లిగా తట్టి చెవి పెట్టి వినేవాడు. ఎక్కడో కంటికి కనపడని బీట ఉంటే మోత మారిపోతుందట. అలాంటిదైతే "అమ్మగారూ, ఇది ఈసారికి ఆగుద్ది, వచ్చే ఏడికి ఆగదు" అని ముందే చెప్పేసేవాడు.

ఆ తర్వాత ఉలి పట్టేవాడు. గీత గియ్యకుండా, కొలవకుండా, ఒక వారనుంచి ఇంకో వారకి గంట్లు వరసగా పడుతూ పోయేవి. ఒకటి లోతూ, ఒకటి పైపైనా అన్నది ఉండేది కాదు. సుత్తి ఎత్తే ఎత్తు మారేది కాదు. రాయి తిరిగేది గానీ ఆయన చెయ్యి తిరిగేది కాదు. మామ్మ ఆయన పనిని అరిచేత్తో పరీక్ష పెట్టేది. కళ్ళు మూసుకుని రాయంతా తడిమి, ఎక్కడైనా నున్నగా తగిలితే "ఏమయ్యా, ఇక్కడ నిద్రపోయావేంటి" అనేది. ఆయన నవ్వి అక్కడ ఇంకో నాలుగు దెబ్బలు వేసేవాడు. ఆ తర్వాత గుప్పెడు నూకలు పోసి రెండు మూడుసార్లు నూరి, రాతిపొడి పోయేదాకా పారబోసి, అప్పుడు గానీ పచ్చడికి వాడేది కాదు.

ఆయనతో కొడుకు కూడా వచ్చేవాడు, నా ఈడువాడే. వాడికి మా సన్నికల్లు ముట్టుకునే అర్హత లేదు. విరిగిన రోలు పెంకు ఒకటి సంచిలో వేసుకొచ్చేవాడు, తండ్రి పని చేస్తున్నంతసేపూ ఆ పెంకు మీద కొడుతూ కూచునేవాడు. తండ్రి తల తిప్పి చూసేవాడు కాదు. మోత వినే "వంకర పోతోంది" అనేవాడు. ఆ మాట నాకు తర్వాత చాలా ఏళ్ళకి మళ్ళీ అవసరమైంది.

ఇక మా ఇంట్లో రాళ్ళన్నిటికీ పెద్ద, పిడుగు రాయి. అది దేవుడి గూట్లో పసుపూ కుంకాలతో ఉండేది. మామ్మ పుట్టిల్లు మెట్టలో, జగ్గంపేట అవతల. అక్కడ దుక్కి దున్నుతుంటే నాగలికి తగిలిందట. పిడుగు పడ్డచోట భూమిలోకి దిగిపోయి, కొన్నేళ్ళకి తనంతట తానే పైకొస్తుందని, అది ఉన్న ఇంటి మీద ఇంకో పిడుగు పడదని మామ్మ నమ్మకం. వైశాఖంలో ఉరుములు మొదలవగానే గూట్లోంచి తీసి వాకిట్లో పీట మీద పెట్టేది. మాకు చెంపలు వాచి గవదలొస్తే అదే రాయిని నీళ్ళలో అరగదీసి పట్టు వేసేది. తగ్గేది. వెయ్యకపోయినా తగ్గేదేమో, కానీ ఆ చల్లదనం మాత్రం బావుండేది.

పూజ సామాను కడిగే పని నాకు అప్పగించినప్పుడు మొదటిసారి దాన్ని పసుపు లేకుండా చూశాను. నా అరచెయ్యంత ఉంటుంది. నలుపులో కొంచెం ఆకుపచ్చ కలిసిన రంగు. ఒక కొస సన్నగా, మొద్దుగా ఉంటుంది, రెండో కొస వెడల్పై కొద్దిగా వంపు తిరిగిన అంచుగా మారుతుంది. ఆ అంచు మీద వేలు పెట్టి అడ్డంగా రాస్తే నునుపు, నిలువుగా రాస్తే కోస్తుందేమోనని భయం. రెండు వైపులా ఒకే వాలు. వెలుగులోకి తిప్పితే అంచు దగ్గర అద్దంలా మెరుస్తుంది, వెనక్కి వెళ్ళేకొద్దీ మెరుపు తగ్గి, మొద్దు కొస దగ్గర మొత్తం సన్న సన్న గంట్లే. ఆ గంట్లు చూసి నేను పరుగెత్తుకెళ్ళి "మామ్మా, దీనికి కక్కు ఎవరు కొట్టారే" అని అడిగాను. "ఇంద్రుడు" అంది మామ్మ, పప్పులో కవ్వం ఆపకుండా.

చాలా ఏళ్ళు ఆ జవాబుతోనే బతికాను. రాజమండ్రిలో కాలేజీకి వచ్చాక జియాలజీ మాస్టారు ఒకాయన దాన్ని మార్చేశారు. ఆయనకి క్లాసులో పాఠం చెప్పడం కన్నా ఎండలో చెప్పడం ఇష్టం. కాతేరు క్వారీకి తీసుకెళ్ళి, నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న మట్టి పొరలో నత్తగుల్లలు చూపించి, "ఈ నల్లదంతా లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో పొంగి ఇక్కడిదాకా పారింది. రెండు పొంగుల మధ్య కాస్త ఊపిరి దొరికితే ఈ నత్తలు బతికాయి" అన్నారు. నది అవతలి ఒడ్డున పంగిడి వైపు తీసే నల్లకంకర కూడా ఇదే రాయని అక్కడే తెలిసింది. నిక్కరు జేబుల్లో నేను మోసింది లావానన్నమాట.

అదే రోజు మధ్యాహ్నం తాటిచెట్ల కింద కూచున్నాం. ఎవరో ముంజెకాయలు దింపించారు గానీ కత్తి లేదు. మాస్టారు సంచిలోంచి కర్నూలు వైపు తిరిగినప్పుడు ఏరుకొచ్చిన చకుముకి రాయి ఒకటి తీశారు, క్రికెట్ బంతికన్నా కాస్త పెద్దది. దాన్ని ఎడమ తొడ మీద మడత పెట్టిన తువ్వాలు మీద ఆనించి, కుడిచేత్తో గుండ్రటి గులకరాయి పట్టుకుని అంచు కాస్త లోపలికి వాలుగా ఒక్క దెబ్బ వేశారు. టక్కుమని పలచటి పెచ్చు ఒకటి ఊడి తువ్వాల్లో పడింది. అంచుని వెలుగుకి పెడితే అవతలి రంగు కనపడేంత పలచన. దాంతో ముంజెకాయ తల చెక్కేసి నా చేతికిచ్చారు. మా ఊళ్ళో కత్తితో చెక్కినంత తేలిక కాదు గానీ, చెక్కడం మాత్రం చెక్కారు.

ఆ పెచ్చుని తిప్పి చూపిస్తూ చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. దెబ్బ తగిలిన చోటు కింద చిన్న ఉబ్బు ఉంటుంది, అక్కణ్ణించి చెరువులో రాయి వేస్తే లేచినట్టు అలలు. ఎండకో వానకో పగిలిన రాయికి ఇలా వరసగా రావు. కొట్టే అంచు కోణం తొంభై డిగ్రీల లోపే ఉండాలి, ఎక్కువైతే దెబ్బ లోపలే చచ్చిపోతుంది. అంచుకి మరీ దగ్గర కొడితే నలిగిపోతుంది, మరీ లోపల కొడితే ఊడదు, లేదా రాయి మొత్తం రెండవుతుంది. "మట్టితో కుండ చేసేవాడు తప్పు చేస్తే మళ్ళీ ముద్ద చేస్తాడు. రాతి పనివాడు తీసెయ్యడమే గానీ తిరిగి అతికించడం ఉండదు. అంచేత మొదటి దెబ్బ వేసేముందే పదో దెబ్బ సంగతి ఆలోచించుకోవాలి" అన్నారు.

తర్వాతి సెలవుల్లో పిడుగు రాయి గురించి మాస్టారికి చెప్పాను. అది వినగానే ఆయన ఒక కాగితం మీద బొమ్మ వేసి, "ఇలాగేనా?" అని అడిగారు. అచ్చం అలాగే ఉంది. అది కొత్త రాతియుగపు గొడ్డలి, రాయి బహుశా డోలరైట్ అనే గట్టి నల్లరాయి అయ్యుంటుంది అన్నారు. దక్షిణాదిన సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా పశువుల్ని మేపుకుంటూ, చిరుధాన్యాలు పండించుకుంటూ బతికినవాళ్ళవి. పొలాల్లో దొరికిన ఇలాంటివాటిని చాలా ఊళ్ళల్లో చెట్టు కింద దేవత దగ్గర పెట్టి పూజ చేస్తారట. బళ్ళారి దగ్గర సంగనకల్లు కొండల మీద వీటిని పెద్ద ఎత్తున చేసిన చోటు ఉంది. కొండలోంచి డోలరైట్ తీసి అక్కడే చెక్కి, అక్కడే సానపట్టేవాళ్ళు. సానపట్టగా సానపట్టగా గ్రానైటు బండల మీద పడ్డ గాడులు ఇప్పటికీ ఉన్నాయి.

పని వరస కూడా చెప్పారు. ముందు పెద్ద పెద్ద పెచ్చులు లేపి గొడ్డలి ఆకారానికి తేవాలి. తర్వాత గట్టి రాయితో పొడిచి పొడిచి ఎత్తులన్నీ చదును చెయ్యాలి. నేను చూసిన గంట్లు అవే. ఆ పైన బండ మీద నీళ్ళు పోసుకుంటూ గంటల తరబడి రుద్దాలి. చాలా వాటికి అంచు వరకే నునుపు చేసి, మొద్దు కొసని కావాలనే గరుగ్గా వదిలేసేవాళ్ళు. కర్ర పిడిలో దిగగొట్టి బిగించేది ఆ కొసనే, నున్నగా ఉంటే జారిపోతుంది. మా మామ్మ సన్నికల్లు నున్నబడితే పచ్చడి జారిపోయిన సంగతి విని ఆయన ముచ్చటపడి, "అదే లెక్క" అన్నారు.

అయితే మాస్టారికి అసలు మోజు ఈ గొడ్డలి మీద కాదు. "ఇది నిన్న మొన్నటిది. మెడ్రాసు వెళ్ళినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో ఫుట్ దొర ఏరినవి చూడు" అన్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మెడ్రాసు పోయినప్పుడు, ఇంటర్వ్యూ టెన్షన్ తట్టుకోలేక ముందురోజు అక్కడికే వెళ్ళాను. ఆ ఉద్యోగం రాలేదు. దాని సంగతి అంతటితో సరి.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ జియలాజికల్ సర్వేలో పనిచేసేవాడు. 1863 మే 30న మెడ్రాసు పక్కన పల్లావరంలో కంకర గోతిలో ఆయనకో రాయి కనిపించింది. మే నెలాఖరు మెడ్రాసు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆయన ఓపిక అర్థమవుతుంది. అది ఊరికే పగిలిన రాయి కాదని, మనిషి చెక్కిన పనిముట్టని ఆయన గుర్తుపట్టాడు. మన దేశంలో పాత రాతియుగం చదువు అక్కణ్ణించే మొదలైంది. అదే ఏడాది విలియం కింగ్‌తో కలిసి కొర్తలయార్ లోయలో అత్తిరంపాక్కం దగ్గర ఇంకా చాలా ఏరారు.

అద్దాల పెట్టెలో ఉన్న చేతి గొడ్డలికి పిడి ఉండదు. అరచేతిలో ఇమిడేలా, కింద లావుగా, పైకి కొనదేలి, మామిడి టెంకని నిలబెట్టినట్టుంటుంది. క్వార్ట్‌జైట్ రాయి. చకుముకి లాగా సుళువుగా లొంగేది కాదు, లోపలంతా గట్టి రేణువులు. పది నిమిషాలు చూసి వచ్చేద్దామనుకున్నవాణ్ణి అక్కడే ఉండిపోయాను. ఎందుకంటే దెబ్బల వరస చదవచ్చని మాస్టారు నేర్పారు. ఒక పెచ్చు ఊడిన గుంట అంచుని ఇంకో గుంట కోసుకుంటూ వెళ్ళిందంటే, ఆ రెండోది తర్వాత వేసిన దెబ్బ. అలా వెనక్కి వెనక్కి వెళ్తే పని మొదలుపెట్టిన చోటు దొరుకుతుంది. ముందు చుట్టూ పెద్ద దెబ్బలు. రాయిని తిరగేసి, ఇటు ఊడిన గుంటనే అటు కొట్టడానికి ఆనుగా వాడుకున్నాడు. కొన దగ్గరకి వచ్చేసరికి దెబ్బలు చిన్నవై దగ్గర దగ్గరగా పడ్డాయి. అంచుని పక్కనుంచి చూస్తే దాదాపు తిన్నటి గీత. అడుగున అరచెయ్యి ఆనే చోట మాత్రం గులకరాయి పైతోలు అలాగే వదిలేశాడు, చెయ్యి తెగకుండా. ఒక పక్కన చిన్న మెట్టు మిగిలింది. పెచ్చు పూర్తిగా పారకుండా మధ్యలో తెగినట్టుంది. దాన్ని తియ్యడానికి అవతలినుంచి రెండుసార్లు ప్రయత్నం చేసిన మచ్చలున్నాయి. తర్వాత ఊరుకున్నాడు. ఇంకో దెబ్బ వేస్తే మొత్తం విరుగుతుందని తెలుసుకున్నాడేమో. నాకు ఆ పనితనమంతా ఒక ఎత్తు, ఆ ఊరుకోవడం ఒక ఎత్తు.

ఆ రోజుల్లో వాటి వయసు గురించి లక్షల ఏళ్ళని మాత్రమే అనుకున్నాం. అత్తిరంపాక్కంలో మళ్ళీ పద్ధతిగా తవ్వి, అక్కడి చేతి గొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించినప్పుడు పేపర్లో చూసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా ఆవిడ "అయితే ఏంటంట" అన్నట్టు చూసింది. అక్కడే పెద్ద గొడ్డళ్ళు వదిలేసి చిన్న పెచ్చులతో పనిచేసే పద్ధతి సుమారు 3,85,000 ఏళ్ళ కిందటికే మొదలైందని 2018లో అదే బృందం చెప్పింది. మన కర్నూలు వైపు జ్వాలాపురంలోనైతే, ఎక్కడో సుమత్రాలో 74,000 ఏళ్ళ కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద కిందా పైనా కూడా పనిముట్లు దొరికాయి.

ఇంత పని చేసినవాళ్ళ ఎముకలు మాత్రం మనకి దాదాపు దొరకలేదు. 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో దొరికిన పుర్రె భాగమే ఈ దేశంలో అంత పాతకాలపు మనిషికి పెద్ద సాక్ష్యం. ముఖం తెలీదు, భాష ఉందో లేదో తెలీదు. చేతివాటం మాత్రం తెలుసు.

ఈ లెక్కలన్నీ చూశాక మా ఊరి వయసు కూడా వెతికాను. గోదావరి డెల్టాలో ఇప్పుడు మనం నిలబడ్డ నేలలో చాలా భాగం, సముద్రమట్టం నిలకడకొచ్చాక సుమారు 6,000 ఏళ్ళుగా నది తెచ్చి పోసిన మట్టి. మేం సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ దాటే ఇసక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. అంటే ఎగ్మూరులో చూసిన గొడ్డలి చెక్కేనాటికి అమలాపురం లేదు, ముమ్మిడివరం లేదు, నిలబడ్డానికి నేలే లేదు. మామ్మ పిడుగు రాయీ మా ఊరూ మాత్రం ఇంచుమించు ఒక ఈడువే. మాకు రాయి ఎందుకు లేదో అన్న చిన్ననాటి దిగులు కొంచెం తీరింది.

ఆ రాళ్ళు చెక్కినవాళ్ళకి ఇదంతా ఎవరు నేర్పారన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఫ్రాన్సులో ఎతియోల్ అనే చోట మంచుయుగం చివరికాలపు వేటగాళ్ళు రాళ్ళు చెక్కుకున్న చోటు తవ్వి, పడ్డ పెచ్చుల్ని తిరిగి మూలరాయికి అతికించి చూశారట. పొయ్యికి దగ్గర కూచున్నవాళ్ళ పని అద్భుతం. దూరంగా కూచున్నవాళ్ళ పని తప్పులతడక, రాయి కూడా రెండో రకం. పని నేర్చుకునే పిల్లలవి అవి. ఇది చదవగానే నాకు విరిగిన రోలు పెంకూ, తల తిప్పకుండానే "వంకర పోతోంది" అన్న గొంతూ గుర్తొచ్చాయి. మంచి రాయి పిల్లల చేతికివ్వకపోవడం, మోత విని తప్పు పట్టడం ఎంత పాత పద్ధతో! గుజరాత్‌లో ఖంభాత్ పనివాళ్ళు ఇప్పటికీ అకీకు (అగేట్) రాయిని ముందు కాల్చి, నేలలో పాతిన ఇనప మొన మీద ఆనించి, కొమ్ముతో చేసిన సుత్తితో తట్టి పూసలు చెక్కుతారు. రైలెక్కి వెళ్ళి ఒక పూట ఆ మోత వినాలని ఉంది.

మామ్మ పోయాక పిడుగు రాయి మా బావ ఇంటికి చేరింది. పోయినసారి ఊరెళ్ళినప్పుడు, రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం వాళ్ళకి ఒకసారి చూపిద్దామని అడిగాను. రాతియుగం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. బావ టీ తాగుతూ చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"మీ మాస్టారు చెప్పింది నిజమేలేరా. కానీ తొంభై ఆరు తుఫానుకి ఈ పేటలో ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో నీకూ తెలుసు. ఈ ఇంటి మీద ఒక్కటి పడిందా?"

"అది పిడుక్కి కదా బావా, తుఫానుకెందుకు పనిచేస్తుంది?"

"రాయికి ఆ తేడాలేం తెలుస్తాయిరా" అన్నాడు బావ.

మ్యూజియానికి పంపనన్నాడు గానీ ఫొటోలకి ఒప్పుకున్నాడు. పసుపంతా కడిగి, పక్కన పిల్లల స్కేలు పెట్టి, రెండు వైపులా తీశాను. మొద్దు కొస మీద గంట్లు బాగా వచ్చాయి. అక్కయ్య మాత్రం, కడిగింది కడిగినట్టు పెట్టెయ్యకు, బొట్టు పెట్టి గూట్లో పెట్టు అని లోపల్నుంచి కేకేసింది.